నడిమిట్ల

రవళికి సీటొచ్చిన బడి పాలమూరుల,
నా డ్యూటీ పోలేపల్లి మందుల కంపెనీల.
నడిమిట్ల ఇల్లు యాడ దొరుకుతదని
మూడు ఆదివారాలు టులెట్ బోర్డులే చదివినం.

జడ్చర్లల నల్లా మంచిగొస్తది,
బడి బస్సే రాదు.
రైలుగేటు అవుతల కిరాయి అగ్గువ,
గేటు పడ్డదంటే మాత్రం
మొదటి పీరియడు పోయినట్టే.

కరెంటు బిల్లు ఎనుక
కిలోమీటర్లు కూడిండు ఆయన.
పిల్ల తొంగి చూసి
పెన్సిలుతో దిద్దింది:
"నాయినా, అమ్మ పోయేదే రాసినవ్,
మర్రొచ్చేది?"

ఎవ్వరం మాట్లాడలే.

ఆఖరికి బడి ఎనుక గల్లీలనే దిగినం.
నాకు రెండు బస్సులు.

సెకండ్ షిఫ్టు దిగి వచ్చేసరికి
గొళ్ళెం తీసే ఉంటది.
నా అన్నం గిన్నె మీద
మూతలెక్క
దాని రఫ్ నోట్‌బుక్కు,
సగం చేసిన లెక్క పైకి కనపడుకుంట.