చిన్న బైటు ముందు

సొహార్‌లో గురువారం ఆఖరి పీరియడు.
ట్రైనర్ కిట్టు మీద 'ఎఫ్' మీట
రెండుసార్లు నొక్కితే గాని పలకదు.
ఏసీ చలికి అరచేతులు చంకల్లో దాచుకుని
పద్దెనిమిది మంది.

"ఇక్కడ యంత్రం నీ కోసం ఏదీ ఊహించదు" అన్నాను.
"రెండంకెలు కూడాలన్నా
నువ్వే మోసుకొచ్చి ఏఎక్స్‌లో పెట్టాలి.
వచ్చింది ఎక్కడ దాచావో
నువ్వే గుర్తుంచుకోవాలి."

తర్వాత అసలు గండం:
12 34 దాచమంటే
మెమరీ 34 ముందు పెడుతుంది, 12 వెనక.
ఇది ఎక్కక తెనాలిలో నేను
సుద్దముక్క దెబ్బ తిన్నాను.
అందుకే ఇక్కడ బోర్డు నిండా బాణాలు,
మూడు రంగుల్లో.

బుథైనా చెయ్యెత్తకుండానే అంది:
"ఇందులో ఏముంది సార్?
మేం ఇరవై ఐదు అనం కదా,
ఐదూ ఇరవై అంటాం.
సార్డీన్ బుట్టలు మా నాన్న
అలాగే లెక్కపెడతాడు."

ఖమ్‌సా వ ఇష్రీన్,
ఎవరో పైకే అన్నారు. నవ్వులు.

పదకొండేళ్ళు.
ఈ ఊళ్ళో బేరాలాడాను, చిల్లర లెక్కపెట్టుకున్నాను.
చిన్నంకె ముందు నడవడం
ఒక్కనాడూ నా చెవిన పడలేదు.
బాణాలు తుడిచేశాను.

ఖల్ఫాన్ మాత్రం పాప్ మరిచాడు.
వాడి ప్రోగ్రాం తిరిగొచ్చే దారి తప్పి ఎటో పోయింది.
ఎర్ర అంకెలు బిగుసుకున్నాయి.
రీసెట్.

సాయంత్రం రేవులో ముసలి జాలరి
వంజరాన్ని తూచి ధర చెప్పాడు.
ముందు ఐదు నోటు పెట్టాను,
దాని మీద ఇరవై.
ఆయనకేం వింతగా అనిపించలేదు.