పద్దెనిమిది బెజ్జాలు

పెట్టె మీది బొమ్మలో సముద్రం కోపంగా ఉంది.
లోపల బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు,
చట్రాల్ని ఇంకా వదల్లేదు,
కోతకు రాని కాయల్లా.
డెబ్భై రెండో వంతు కొలత.
రెండు మూరలకు కాస్త తక్కువ,
మా వంటింటి బల్లకు ఈ చివర్నించి ఆ చివరికి.

ఈ రకం ఓడలకు పూల పేర్లు పెట్టారట.
జలాంతర్గాముల్ని వేటాడే పూలు.
యుద్ధం ముగిశాక కొన్నిటిని మావాళ్ళు కొన్నారు,
తిమింగలాల వేటకి.
నాక్కావలసింది ఆ రెండో జన్మ.
దానికి కిట్ ఎవరూ చెయ్యరు.
ఉన్నదాన్ని కోసి
లేనిదాన్ని పుట్టించుకోవాలి.

ముప్పై ఒక్క ఏళ్ళు సాండెఫ్యోర్‌లో కట్టుడు పళ్ళు చేశాను.
ఆ చిన్న చాకులూ కొక్కేలూ సానబిళ్ళలూ
నాతోపాటే రిటైరయ్యాయి.

ముందు ఫిరంగి పీకాను.
పన్నుకన్నా తేలిక, వేరు లేదుగా.
దాని గుండ్రటి గద్దె కోశాను.
తర్వాత వెనక డెక్కు మీద
నీటిబాంబులు దొర్లించే పట్టాలు.
అవి లేచిపోతే బెజ్జాలు మిగిలాయి,
అటు తొమ్మిది, ఇటు తొమ్మిది.
పుట్టీ పెట్టాను, ఆరనిచ్చాను, గీకాను,
మళ్ళీ పెట్టాను.
మూడు రాత్రులు.
కళ్ళు మూసుకుని వేలితో తడిమితే
ఏమీ తగల్లేదు.
ఇంత నున్నటి చిగురు
నేనెవరి నోట్లోనూ చూడలేదు.

కొవ్వొత్తి మీద ప్లాస్టిక్ పుల్ల తిప్పి
మెత్తబడగానే లాగితే వెంట్రుకవుతుంది.
ఊపిరి బిగబట్టి స్తంభం నించి స్తంభానికి కట్టాను.
ముక్కు మీద, పాత ఇంజెక్షన్ సూది కోసి
ఈటె ఫిరంగి.
ఫిరంగి తీసి ఫిరంగి పెట్టడమేనా ఇదంతా అని
చెయ్యి కాసేపు ఆగింది.
జిగురు ఆరిపోతోందని
మళ్ళీ కదిలింది.

ఆదివారం హాల్వార్ వచ్చాడు.
తొంభై ఒకటి. పదహారో ఏట
అలాంటి ఓడ మీద గిన్నెలు తోమాడు,
భూగోళం అడుగున, మంచులో.
చలికోటు విప్పకుండానే వంగాడు.
ఆ పై పళ్ళు నేను చేసినవే,
వంగినప్పుడల్లా నాలుకతో పైకి నొక్కుకుంటాడు.

స్తంభాలు చూడలేదు. సూది చూడలేదు.
వెనక డెక్కు మీద గోరు పెట్టి గీశాడు.
"బెజ్జాలేవి, ఓడ్నీ?"
"పూడ్చేశాను."
"మేం పూడ్చలేదే.
చెక్క బిరడాలు కొట్టారంతే.
అల గట్టిగా కొట్టిన రాత్రి ఊడొచ్చేవి,
నీళ్ళు సరాసరి నా పక్క మీదికి.
నిద్ర పట్టనప్పుడు లెక్కపెట్టేవాణ్ణి.
పద్దెనిమిది.
పదకొండోది వానా ఎండా లేకుండా కారేది."

తర్వాత అడిగాడు,
నలుపు కింద బూడిదరంగు వేశావా అని.
లంగరు గొలుసు రాసుకున్న చోటల్లా
పాత రంగు బయటపడేదట.
అదే మొహం, వేరే పౌడరు
అనేవాడట వంటవాడు.

తిమింగలాల గురించి అడిగాను.
టోపీ సర్దుకున్నాడు.
కాఫీ బాగుందన్నాడు,
ఇంకా పొయ్యనే లేదు.

అతను వెళ్ళాక
అన్నిటికన్నా సన్నటి బర్మా తీశాను.
మూడు రాత్రుల నునుపులో
ఒకటి, రెండు, మూడు.
తెల్లటి పొడి లేస్తుంది, ఊదేస్తాను,
నాకు బాగా తెలిసిన వాసనే.
పళ్ళు తోముకునే బ్రష్షు పోచలు తుంచి
బిరడాలు కొట్టాను.

పీకిన ఫిరంగి అగ్గిపెట్టెలో ఉంది.
పారెయ్యలేదు.
మా జాతి ఏదీ పారెయ్యదు,
దేనికో దానికి పనికొస్తుందంటాం.
పన్ను పోయిన చోటికి నాలుక వెళ్ళినట్టు
అప్పుడప్పుడూ తెరిచి చూస్తాను.

పదకొండోదానికి బిరడా పెట్టలేదు.
ఓడను దీపం కింద పట్టుకుంటే
అందులోంచి సన్నగా వెలుగు కారుతుంది,
కింద చీకట్లో
ఎవరి పక్క మీదికో.