ఒక్కడి రంగు

లింకన్‌లో, మూడో అంతస్తులో,
నెబ్రాస్కా పటం మీద కిడ్నీ క్యాన్సర్‌కి
రంగులు వేయడం నా ఉద్యోగం.

ఒమాహా ఎప్పుడూ లేత పసుపే.
ఎంతమంది పోయినా అంత జనంలో
నీళ్లలో ఉప్పుకల్లులా కరిగిపోతారు.

పడమట ఇసుకదిబ్బల్లో,
మనుషులకన్నా ఆవులెక్కువున్న కౌంటీ ఒకటి
ఈసారి గడ్డకట్టిన నెత్తురు రంగు తేలింది.
కంచె అవతలి కౌంటీ
పాలనురగంత తెలుపు.

పత్రికాయన ఫోన్ చేశాడు.
తెలుపెందుకంటే, పల్లెగాలి, పొగలేని ఆకాశం, పచ్చిక మేసిన పాలు.
ఎరుపెందుకంటే, పల్లె కదా,
డాక్టరు నూరుమైళ్ల దూరం, పందికొవ్వు, పొగాకు.
ఒకే నోరు. మధ్యలో ఊపిరైనా తీసుకోలేదు.

ఆరువందల మందిలో ఒక్కడంటే, అని మొదలెట్టాను.
పెట్టేశాడు.

ఐదుకు లోపు అంకె బయటపెట్టకూడదని మా నియమం.
అంకెను దాచాం.
రంగును దాచడం ఎవరికీ తట్టలేదు.

గురువారం వెర్నా కుచెరా అనే ఆమె.
వెనకాల గాలిమర కిర్రుమంటోంది.
"ఆ ఎరుపు మా ఎల్డనేనా?"

నియమం నా గొంతుకడ్డం పడింది.
తనే చెప్పుకుపోయింది:
"ఒంటికి ఎర్రగా వస్తే
బీట్‌రూట్ తిన్నాను కదా అన్నాడు.
గడ్డి కోతలయ్యాక చూపించుకుంటానన్నాడు.
ఆ ఏడు గడ్డి బాగా పండింది."

తర్వాత, దూడల ధర అడిగినట్టు,
"వచ్చే ఏడు మాదే రంగు?"

ఎవరూ పోకపోతే తెలుపండీ, అన్నాను.

చాలాసేపు గాలిమరే మాట్లాడింది.

"అయితే ఈ ఏటి పటం ఒకటి పంపించు.
ఎర్రదే.
మడతపెట్టకుండా."