వెదురు లెక్క

ఇరవై రెండేళ్లు కాగితం మిల్లు గేటు దగ్గర
వెదురు లారీల్ని తూకం వేశాను.
టన్నులు తెలుసు. తేమ శాతం తెలుసు.
చిప్పర్ నోట్లో పడ్డ గెడ
ఎంతసేపు అరుస్తుందో తెలుసు.
వెదురు మాత్రం తెలీదని
మొన్న కార్తీకం వెళ్లాక తెలిసింది.

మునిగుడ దాటి బస్సు దిగి
రెండు గెడ్డలు దాటితే మలే పిడికా పొలం.
పొలమంటే వాలు.
జారితే కంది మీద పడతాం,
లేచి నిలబడితే ఒంటి నిండా వలిసె పూల పసుపు.
రాత్రుళ్లు ముళ్లపందులు దుంపలు తవ్వేస్తున్నాయని,
కాపలాకి మనిషి కావాలని సంతలో అడిగింది ముసలమ్మ.
నేను నైట్ షిఫ్టుల మనిషిని.
మిల్లుని ఒగ్గేసి ఏడాదైనా
నిద్ర నన్ను చేర్చుకోలేదు.
పనికొస్తాననుకున్నాను.

"ముందు గూడు కట్టుకో, మంచు పడతాది" అంది.
ఆమెది కువి, నాది తెలుగు,
మధ్యలో సంత ఒడియా.
దానితో ఇద్దరికీ సగం సగమే పరిచయం.

కత్తి పట్టుకుని పొద దగ్గరికెళ్తే
మణికట్టు పట్టి ఆపింది.
పడమట పగటి చందమామ
ఇంకా కరగలేదు, చూడమంది.
చంద్రుడున్నన్నాళ్లూ వెదురు తియ్యగా ఉంటుందట.
తీపి ఉంటే పురుగు వస్తుందట.
అమావాస్యకి తొమ్మిది రోజులు.
మిల్లులో తొమ్మిది నిమిషాలు బెల్టు ఆగితే
మెమో ఇచ్చేవారు.

ఆ తొమ్మిది రోజులూ గడ్డి కోశాను.
అడ్డతీగ తొక్క నానబెట్టి నార తీశాను,
వేళ్లు చీలాయి, చోడి అంబలి ఉప్పు తగిలి మండాయి.

కోసే రోజున
ఈ యేటి పిలకల్ని ముట్టుకోనివ్వలేదు.
పోయినేటివీ వద్దంది.
మూడేళ్ల గెడని గోటితో కొట్టి వినిపించింది.
ముదురుది పొట్టిగా, గట్టిగా పలుకుతుంది.
లేతదానిది నీళ్ల గొంతు.
ఎన్ని లక్షల గెడలు నా ముందునుంచి పోయాయో,
ఒక్కదాన్నీ పలకరించలేదు.

నాలుగు గుంజలు, ఒక దూలం, మేకు లేదు.
గడ్డి తలకిందులుగా పరిచానని
వరస మొత్తం పీకించింది.
గుమ్మం నా నడుం ఎత్తే.
"కొంచెం పెద్దది పెట్టుకోకూడదా?"
"సలి పొడుగ్గా ఉంటాది, వంగలేదు."

మొదటి రాత్రి
తల దగ్గర ఒక సందు. వేలెడంతే.
కొండంత గాలి అందులోంచే వచ్చింది.
సంచిలో మిల్లు వాళ్లిచ్చిన డైరీ ఉంది,
ఒక్క తేదీ కూడా రాయనిది.
జనవరి చింపి కుక్కాను, చాల్లేదు,
మార్చి దాకా కుక్కాను.

తెల్లారేసరికి మంచుకి నాని గుజ్జయింది.
మిల్లు తొట్టె వాసన.
మలే రెండు వేళ్లతో బయటికి లాగి
"ఇదేటి?" అంది.
"వెదురే" అన్నాను.
ఆమె నవ్వు వాలు దిగి
గెడ్డ దాకా పోయి వచ్చింది.
తరవాత ఆ ముద్దని అరచేతిలో పెట్టి నొక్కి,
తిప్పి, మళ్లీ నొక్కి, అడిగింది.
"కణుపేదీ?"

మూడు భాషల్లోనూ నా దగ్గర జవాబు లేదు.
సందులో గడ్డి, ఎర్రమట్టి కూరి
చీరకొంగుకి చేతులు తుడుచుకుంది.

ఇప్పుడు పుష్యం.
నిద్ర వచ్చేసిందని చెప్పను.
మెలకువ మారింది.
సైరన్ కోసం కాచుకునే చెవి
ఎండిన కందికాయ గలగలకీ
ముళ్లపంది ముళ్ల గలగలకీ
తేడా వెతుక్కుంటోంది.
తప్పు విని రెండుసార్లు ఉత్తినే డబ్బా కొట్టాను.
కింద గుడిసెలోంచి ఎవరో తిట్టారు.
నెగడు ఆరితే బూడిద కింద
దుంపొకటి మగ్గుతూ ఉంటుంది.

కప్పు రెండు వానలు కాస్తుందట.
తరవాత?
"తరవాత నువ్వే కడతావు."
అప్పటికి ఈ యేటి పిలకలకి మూడేళ్లు.

పొద్దున్నే వెళ్లి
ఒకదాన్ని గోటితో కొట్టి చూశాను.
ఇంకా నీళ్ల గొంతే.