ఒకటికి నాలుగు

హరిద్వార్ పోతున్నమని ఇంట్ల చెప్పినం.
అబద్ధమేం కాదు, దారిల తగిలింది.

మంచిర్యాల టేషన్ల ఎక్కింది ముగ్గురం:
నేను, మొయిన్, గట్టు మొండయ్య.
నాలుగో సీటు ఓదెలుది.
ఢిల్లీ దాకా దాని మీద సర్వపిండి డబ్బా కూసున్నది.
రేపు బండి అనంగ ఓదెలు మోకాలు
మాట తప్పింది.

మాది మందమర్రి.
చలికాలం పొద్దుగాల మాకూ మంచు పడుతది.
ఓబీ గుట్ట మాయమైతది,
సైకిల్ మీది మనిషి
ముందుగాల దగ్గై వచ్చి, వెనుక మనిషై వస్తడు.
అదీ మంచే, ఔలీల మోకాలు లోతు పడ్డదీ మంచే.
ఇంత తేడాకు ఒక్కటే మాట పెట్టుకున్నం మనం.
పీనాసితనమో, పొదుపో.

కాళ్లకు రెండు పొడుగు చెక్కలు బిగించిండు
ఇరవై ఏండ్ల పోరడు.
"దాదాజీ, వాలును చూసి భయపడొద్దు" అన్నడు.
వాలును చూసిన.
ఒకటికి నాలుగు.
అచ్చం మా ఐదో ఇంక్లైన్.
ముప్పై ఒక్క ఏండ్లు టోపీ లైటు పెట్టుకొని
పొద్దున దిగి, పొద్దూకంగ ఎక్కిన వాలు.
నాకు భయం వాలంటే కాదు బిడ్డా,
జారుడంటే.

హాలేజి డ్రైవర్‌ను నేను.
ఇనుప తాడుకు టబ్బులను కట్టి
వాలు మీద నిలవెట్టుడు నా కొలువు.
ఒక్క బెల్లు కొడితే ఆపాలె.
ఆపినందుకే జీతం, ఆపినందుకే పింఛను.
ఒక్కసారి, రెండో షిఫ్ట్ ఆఖర్ల, తాడు తెగింది.
తొమ్మిది టబ్బులు చీకట్లకు ఉరికిన సప్పుడు
చెవులల్ల లేదు,
బ్రేకు పట్టిన కుడిచెయ్యిల ఉన్నది.
ఎవ్వలు చావలే.
అందరు గోడకు ఒదిగి తప్పుకున్నరు.
ఓదెలూ తప్పుకున్నడు,
మోకాలు తప్ప.

పోరడు వెనుక నుంచి ఇంత తోసిండు.
బ్రేకు కోసం చెయ్యి గాలిల దేవులాడింది.
దొరకలే.

జారిన.
నలభై గజాలుంటది. మొండయ్య ఇరవై అంటడు,
ఆయన అద్దాలకు పొగ పట్టింది, ఆయన మాట లెక్కలకు రాదు.
కింద సప్పుడు లేదు.
అన్ని ఏండ్లల్ల మొదటిసారి
నా బరువును నేను పట్టుకోలే.
ఎవ్వలు బెల్లు కొట్టలే.
ఆఖరికి ఎల్లెలుకల పడ్డ,
నన్ను లేపవచ్చి మొయిన్ నా మీద పడ్డడు,
ఆయన పండ్ల సెట్టు ఎగిరి మంచుల పడ్డది.
అర్ధగంట ముగ్గురం మోకాళ్ల మీద పాకుకుంట
తెలుపుల తెలుపును వెతికినం.
బొగ్గుల బొగ్గు ఏరుడు ఇంతకన్న అల్క.

ఓదెలు కోసం థర్మాస్ నిండ మంచు కుక్కి తెచ్చిన.
నాగపూర్ దాటేసరికి నీళ్లయింది.

మూత తీసి వాసన చూసిండు.
"గిదేనా?" అన్నడు.
గిన్నెల పోసి పొయ్యి మీద పెట్టి
చాయ్‌పత్తి ఏసిండు.
తాడు ముచ్చట ఎత్తుదామనుకున్న.
ఇరవై రెండేండ్ల సంది అనుకుంటనే ఉన్న.
"ఎంత వాలు?" అన్నడు, నా దిక్కు చూడకుంట.
"ఒకటికి నాలుగు."
తలకాయ ఊపిండు.
అల్లం దంచి ఏసిండు.
చాలాసేపటికి, "మరి జారినవా?" అన్నడు.
"జారిన."
"మంచిగైంది."

బయట మంచుల ఎవలదో దగ్గు వస్తున్నది,
ఇంకా మనిషి కాలే.
మూడో కప్పు కడుగుదామని
ఓదెలు గోడ పట్టుకొని లేచిండు.