మూడు మిల్లీమీటర్లు

అటకామా ఎడారి. కంటెయినర్ ఆఫీసులో
ఇస్మేనియా చోకె పెన్సిల్ చెక్కుతోంది.
రాగి గనికి దాహమట,
నాలుగు పంపులతో
సముద్రాన్ని కొండెక్కించాలి.

"అంతటా ఎనిమిది చాలదూ?"
ఉక్కు ధర వేళ్లమీద లెక్కేస్తూ
కొనుగోళ్ల మేనేజరు.
ఆమె పలకదు.
పంపు మూతి దగ్గర
ఎత్తంతా బరువై వచ్చి కూర్చుంటుంది,
అక్కడ గోడ పద్నాలుగు.
పైకి పాకేకొద్దీ పలచన,
చివరి మలుపుకి ఏడైనా సరే.

వెల్డరు ఎలిసెయో
పాత గొట్టం తుంపొకటి తెచ్చి
కాగితాల మీదే పెట్టాడు.
గోటితో మీటాడు.
రేకు మోత.
లోపలంతా ఉప్పు కొరికిన గుంటలు,
అంచు చీరుకుపోయేంత సన్నం.

లెక్క తేలింది. అయినా
ప్రతి అంకె పక్కనా
ఇంకో మూడు కలిపింది.
ఇవి ఒత్తిడిని ఆపడానికి కాదు,
తుప్పు తినడానికి.
ముప్ఫై ఏళ్ల తిండి,
రోజుకి వెంట్రుకలో ఏ వందో వంతో.

"పోయేదానికి కూడా డబ్బు కట్టాలా?"
మేనేజరు నవ్వాడు.

"ముందు కడితే దాని పేరు మందం.
తర్వాత కడితే..."
ఆగిపోయింది.

ఎలిసెయో
మూడే వేళ్లున్న ఎడమ చేతిని
నెమ్మదిగా
జేబులో పెట్టుకున్నాడు.