భీమిలి మొగ దగ్గర

వైశాఖంలో గోస్తనికి గొంతే పెగల్లేదు.
పోటు మీదెక్కిన ఉప్పు
వంతెన దాటి, తాటిచెట్ల దాకా
అడిగేవాళ్లు లేని చుట్టంలా నడిచొచ్చింది.
నీళ్లు గాజులా తేటపడి
నా సీసా అడుగున
చిటికెడు మట్టయినా దిగలేదు.

"ఇరవయ్యెనిమిది" అన్నాను మీటరు చూసి.
గరికిన ఎల్లాజీ దోసిట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మి,
"పీతలకి బాగుంటాది, రొయ్యపిల్ల రాదు" అన్నాడు.

శ్రావణంలో తాటిపూడి తలుపులెత్తారు.
అనంతగిరి కాఫీతోటల ఎర్రమన్ను
రాత్రికి రాత్రే మొగలో.
మీటరు సున్నా.
వడపోత కాగితం మూడు గుక్కలకే పూడుకుపోయింది.

"ఉప్పు పోయింది ఎల్లాజీ!"

అతను తెడ్డు నిలువునా దింపి, పైకి తీసి
కొస మీద వేలు రాసి నాలికకి తాకించమన్నాడు.
ఉప్పే.
"పారిపోనేదమ్మా. కింద తొంగుంది."

ఆ రెండూ ఒరుసుకునే చోట
మన్ను మన్నుని పట్టుకుని
రేకులు రేకులుగా
ఏ తొందరా లేకుండా దిగుతోంది.
అక్కడికి నా సీసా తాడు చాల్లేదు.

రిమార్కుల గడిలో
ఏం రాయాలో తోచక రాశాను:
తెడ్డు పొడవు ఆరడుగులు.
అందులో నది, పైనుంచి నాలుగు.